పెరటి మెట్లకి ఇటుకే మంచిది
ఎడిటర్ గారికి నమస్కారం. మన వైజాగ్‌లో కొండవాలు మీద ఇళ్ళు ఎక్కువ కదా, ఈమధ్య పెరటి మెట్లకి కూడా నున్నటి టైల్స్ వేసేస్తున్నారు, వానొస్తే పెద్దవాళ్ళు జారిపోతారండి, చూస్తే భయమేస్తుంది. బాగా కాలిన ఇటుక నీళ్ళలో నానబెట్టి కట్టించుకోండి, ఎత్తు 6 అంగుళాలు, అడుగు పెట్టే చోటు 12 అంగుళాలకి తగ్గకుండా, నీళ్ళు నిలవకుండా ముందుకి కాస్త వాటం ఉండాలి. పక్కన బిళ్ళగన్నేరు పెట్టి, వామాకు, నాచుపూలు ఇటుక అంచుల మీదకి పాకనిస్తే ఎంత బాగుంటుందో, మన ఎండకీ తట్టుకుంటాయి. మట్టి జారే చోట మాత్రం వట్టివేరే బెస్ట్, వేళ్ళు లోతుకి దిగి మట్టిని పట్టేస్తాయి. గులాబీలు వద్దు, ముళ్ళు చీరకి తగులుకుంటాయి. మీ ఆదివారం పేజీలో ఇలాంటివి రాయించండి సార్.
ఒక పాఠకురాలు, సీతమ్మధార