నాలా అయితే ఇల్లు కట్టుకోవచ్చా?

సంపాదకులకు నమస్కారం.

మూడేళ్ల కిందట మా చెల్లెలు వాళ్లు హసన్‌పర్తి వైపు 150 గజాల ప్లాటు కొన్నారు. అమ్మినాయన పదే పదే చెప్పిన మాట ఒక్కటే: "నాలా అయిపోయింది అక్కా, ఇగ మీకు ఏం టెన్షన్ లేదు." వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చినట్టు కాగితం కూడా చూపించాడు. అది దొంగ కాగితం కాదు. రిజిస్ట్రేషన్ కూడా సాఫీగా జరిగింది. తీరా ఇంటి పర్మిషన్‌కు వెళ్తే, మాస్టర్ ప్లాన్ మ్యాప్‌లో ఆ సర్వే నంబరు ఆకుపచ్చ రంగులో ఉందని, అది ఖాళీ స్థలాలకు, పార్కులకు కేటాయించిన జోన్ అని చెప్పారు. వాళ్లు ఇప్పటికీ అద్దె ఇంట్లోనే ఉంటున్నారు. ప్లాటు అమ్ముదామంటే, ఈ సంగతి దాచి ఇంకొకరికి అంటగట్టడానికి మా చెల్లెలికి మనసు ఒప్పడం లేదు.

ఇందులో నన్ను బాధపెట్టేది ఏమిటంటే, చట్టం ప్రకారం ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒకే నేలకు రెండు శాఖలు రెండు పేర్లు పెట్టాయి, కొనేవాళ్లకు ఒక పేరే తెలిసింది.

నాలా అనేది 1963 నాటి వ్యవసాయేతర భూముల పన్ను చట్టానికి ఇంగ్లిష్‌లో ఉన్న పొట్టి పేరు. 2006లో భూమార్పిడి చట్టం వచ్చి ఆ పాత చట్టం రద్దయింది, పేరు మాత్రం జనం నోట్లో ఉండిపోయింది. నాలా కన్వర్షన్ అంటే ఈ భూమి ఇక వ్యవసాయ భూమి కాదని రెవెన్యూ వాళ్లు రాసుకోవడం, అంతే. అక్కడ ఇల్లు రావచ్చా, దుకాణం రావచ్చా, ఫ్యాక్టరీ రావచ్చా అనేది చెప్పాల్సింది మాస్టర్ ప్లాన్. సాధారణంగా ఆ మ్యాపుల్లో పసుపు నివాసాలకు, నీలం వాణిజ్యానికి, ఊదా పరిశ్రమలకు, ఆకుపచ్చ పార్కులకు వాడతారు. ఆ రంగు మారాలంటే తహసీల్దారు సంతకం సరిపోదు. నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలు విని, ప్రభుత్వమే ఉత్తర్వు ఇవ్వాలి. 150 గజాల మనిషి ఆ దారిలో ఎంత దూరం నడవగలడు?

మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. నాలా అంటే మురుగు, వరద నీళ్లు పోయే కాలువ కూడా. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో హన్మకొండ కాలనీలు మునిగినప్పుడు అందరి నోటా నయీంనగర్ నాలా మాటే. చెరువు, నాలా పక్కన ఎంత స్థలం వదిలి కట్టుకోవాలో 2012 భవన నిర్మాణ నిబంధనల్లో కొలతలు స్పష్టంగా ఉన్నాయి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు, చిన్న చెరువైతే 9 మీటర్లు వదలాలి. 10 మీటర్ల కంటే వెడల్పున్న నాలా పక్కన 9 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 2 మీటర్లు. "ఇది శిఖం (చెరువు కిందికి వచ్చే ప్రభుత్వ భూమి) కాదు, పట్టా భూమి" అని అమ్మేవాళ్లు ధైర్యం చెబుతారు. పట్టా అయినా నీటిమట్టం లోపల ఉంటే నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవచ్చు గానీ ఇల్లు కట్టకూడదు. ఈ తేడా తెలియక కట్టుకున్న వాళ్లే వానాకాలం వస్తే సామాన్లు పై అంతస్తుకు మోసుకుంటున్నారు.

భూమి సంగతి ఇలా ఉంటే, కట్టడాల సంగతి ఇంకో తీరు. మా వీధిలో ఇల్లు అని పర్మిషన్ తీసుకున్న భవనంలో ఇప్పుడు హాస్టల్ నడుస్తోంది. పిల్లల మీద నాకు ఏ కోపమూ లేదు. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు వాళ్లు, సాయంత్రం కనబడితే "నమస్తే సార్" అంటారు. నా భయమంతా వాళ్ల గురించే. జాతీయ భవన నియమావళిలో ఒక కుటుంబం ఉండే ఇల్లు, నలుగురూ కలిసి పడుకునే వసతి గృహం, అపార్ట్‌మెంట్, హోటల్ అన్నీ నివాస భవనాల కిందికే వస్తాయి, కానీ వేర్వేరు తరగతులు. కోచింగ్ సెంటర్ విద్యా భవనం, ఫంక్షన్ హాల్ జనం గుమిగూడే భవనం. ఆ తరగతులు ఊరికే పెట్టలేదు. ఎంతమంది ఉంటారు, మెట్లు ఎంత వెడల్పు ఉండాలి, నిప్పంటుకుంటే ఎటు నుంచి బయటపడాలి అనేవి వాటిని బట్టే తేలుతాయి. ఐదుగురి కోసం గీసిన మెట్ల మీద యాభై మంది దిగాల్సి వస్తే ఏమవుతుందో ఊహించడానికి ఇంజినీరు కానక్కర్లేదు.

కరెంటు మీటరు కేటగిరీ మారగానే, ఆస్తిపన్ను వాణిజ్య రేటుకు పెరగగానే "అన్నీ సక్రమమే" అని యజమానులు అనుకుంటారు. కరెంటు బిల్లు వాడకానికి, పన్ను ఆదాయానికి. భవనం వినియోగం మారడానికి అవి రెండూ అనుమతి పత్రాలు కావు. ఇళ్ల అనుమతులు ఆన్‌లైన్‌లో ఇచ్చే టీఎస్‌ బీపాస్ వచ్చాక 75 గజాల లోపు ఇంటికి రూపాయి రుసుముతో రిజిస్టర్ చేసుకుంటే చాలు. 600 గజాల వరకు స్వీయ ధ్రువీకరణతోనే వెంటనే అనుమతి వస్తుంది. సామాన్యుడికి అది మేలే, కాదనను. కానీ స్వయంగా ధ్రువీకరించాలంటే ముందు ఆ మాటల అర్థం తెలియాలి కదా. నివాసం, మిశ్రమ వినియోగం, పాక్షిక ప్రజోపయోగం లాంటి పదాల నిర్వచనాలు ఇంగ్లిష్ జీవోల్లో ఉన్నాయి. డిగ్రీ చదివిన నాకే రెండుసార్లు చదివితే గానీ తలకెక్కలేదు.

1970ల తొలినాళ్ల ప్లాన్‌తో దశాబ్దాలు నెట్టుకొచ్చిన నగరం మనది. 2041 మాస్టర్ ప్లాన్‌కు 2024లో ప్రభుత్వ ఆమోదం వచ్చింది. ఈ సమయంలోనైనా కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా), నగరపాలక సంస్థ ఒక పని చేయాలని కోరుతున్నాను. ఏ జోన్‌లో ఏం కట్టవచ్చో, ఏం కట్టకూడదో తెలుగులో రాసి, సర్వే నంబర్ల వారీగా ప్రతి వార్డు ఆఫీసు గోడకు, గ్రామ పంచాయతీ గోడకు అంటించాలి. రిజిస్ట్రేషన్ శాఖ కూడా సేల్ డీడ్‌లో సర్వే నంబరు పక్కన మాస్టర్ ప్లాన్ జోన్ రాసే గడి ఒకటి పెట్టాలి. అది నింపకపోతే రిజిస్ట్రేషన్ జరగకూడదు. హాస్టళ్లు, కోచింగ్ సెంటర్ల ముందు ఆ భవనానికి ఏ వినియోగం కింద అనుమతి ఉందో బోర్డు పెట్టించాలి. పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులు ఫీజు కట్టే ముందు దాన్ని చదువుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హన్మకొండ