లైసెన్స్ పోయింది కంపెనీది, రోడ్డున పడింది మా చెల్లెలు

సంపాదకులకు నమస్కారం.

బ్రిటన్‌లో విదేశాల నుంచి ఉద్యోగులను వీసా మీద తెచ్చుకోవడానికి, అంటే స్పాన్సర్ చేయడానికి, కంపెనీలకు ఉండాల్సిన లైసెన్సులు 2024 జూలై నుంచి 2025 జూన్ వరకు 1,948 రద్దయ్యాయని అక్కడి హోం శాఖ లెక్క చెప్పింది. అంతకు ముందు ఏడాది రద్దయినవి 937. ఈ వార్త చదివిన చాలామందికి అది ఆ దేశం సంగతిగానే అనిపించి ఉంటుంది. మా ఇంట్లో మాత్రం అలా చదివి పక్కన పెట్టలేకపోయాం. ఆ లైసెన్సుల్లో ఒకటి మా చెల్లెలు పనిచేసిన కంపెనీది.

నేను చెన్నైలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మాది గూడూరు దగ్గర పల్లె. పెళ్లయి విల్లివాక్కం వచ్చి పద్దెనిమిదేళ్లయింది. చెల్లెలు కూడా నర్సింగ్ చదివి ఇక్కడే ఉద్యోగంలో చేరింది, ఇక్కడే కాపురం పెట్టింది. 2023 చివర్లో పేపర్లో ఒక ప్రకటన చూశాం. బ్రిటన్‌లో ముసలివాళ్లను చూసుకునే కేర్ వర్కర్ ఉద్యోగం, కుటుంబాన్ని కూడా తీసుకెళ్లొచ్చు అని. ఆ ఏజెన్సీకి వెళితే అక్కడ కూర్చున్న అమ్మాయిది నెల్లూరు. తెలుగులో మాట్లాడింది, అక్కా అని పిలిచింది. ఊరుగాని ఊళ్లో ఉన్నవాళ్లం, ఆ పిలుపుకే సగం నమ్మేశాం. "మార్చి 11 దాటితే ఆయన్నీ పాపనీ తీసుకెళ్లడం కుదరదక్కా, ఇప్పుడే కట్టేయండి" అంది. ఆ రూల్ నిజమే. 2024 మార్చి 11 నుంచి కేర్ వర్కర్ల వెంట కుటుంబాన్ని రానివ్వడం ఆపేశారు. ఆ గడువు చూపించే తొందరపెట్టి మా చేత పదమూడు లక్షలు కట్టించారు. చెల్లెలి నగలు తాకట్టు పెట్టాం, మా ఆయన పీఎఫ్ తీశాం, మిగిలింది వడ్డీకి తెచ్చాం.

ఆ పదమూడు లక్షల్లో అసలు ఖర్చు ఎంతో ఆ తర్వాత తెలుసుకున్నాను. మూడేళ్ల లోపు హెల్త్ అండ్ కేర్ వీసాకి అప్పటి ఫీజు 284 పౌండ్లు, మన డబ్బుల్లో ముప్ఫై వేలు. ఈ మనిషికి ఉద్యోగం ఇస్తున్నామని కంపెనీ ఇచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌కి (అందరూ సీఓఎస్ అంటారు) అక్కడి ప్రభుత్వం అప్పట్లో తీసుకున్నది 239 పౌండ్లు. అది కట్టి తీసుకునేది కంపెనీ. ఇక్కడ మన చట్టం ప్రకారం రిజిస్టర్ అయిన రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగిన సర్వీస్ చార్జి 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఒక్క మనిషికి ఇవన్నీ కలిపినా లక్ష దాటదు. మిగతా డబ్బంతా ఎవరెవరు పంచుకున్నారో మాకు ఈ రోజుకీ తెలియదు. రసీదులో ఉద్యోగం అన్న మాటే లేదు. ట్రైనింగ్, డాక్యుమెంటేషన్ అని రాసి ఉంది. ఆ రోజు దాని అర్థం మాకు తట్టలేదు.

అక్కడికి వెళ్లాక వారానికి 39 గంటల పని అన్నది కాగితం మీదే మిగిలింది. ఇంటింటికీ తిరిగి ముసలివాళ్లకు స్నానం చేయించి, మందులిచ్చి, తినిపించి వచ్చే పని అది. కారు ఉండాలి, అక్కడి డ్రైవింగ్ లైసెన్స్ ఉండాలి. ఆ సంగతి ఇక్కడ ఎవరూ చెప్పలేదు. కొన్ని వారాలు పదిహేను గంటలు కూడా ఇవ్వలేదు. ఇచ్చిన గంటలకే జీతం. అడిగితే, వీసా మా చేతుల్లో ఉంది గుర్తుంచుకో అన్నారట. అది విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎనిమిది నెలలు అలాగే నెట్టుకొచ్చింది. 2024 నవంబరులో ఆ కంపెనీ లైసెన్స్ రద్దయింది. ఫిబ్రవరిలో హోం శాఖ నుంచి ఉత్తరం వచ్చింది, వీసా ఇక అరవై రోజులే అని.

లైసెన్స్ రద్దు చేయడం తప్పని నేను అనను. పని ఇవ్వకుండా మనుషులను తెచ్చుకున్న కంపెనీకి అది పోవాల్సిందే. కానీ తప్పు చేసింది కంపెనీ అయితే అరవై రోజుల టెన్షన్ పడింది ఎవరు? ఆ అరవై రోజుల్లో లైసెన్స్ ఉన్న ఇంకో కంపెనీని వెతుక్కోవాలి, కొత్త సీఓఎస్ తెచ్చుకోవాలి, మళ్లీ వీసాకి అప్లై చేయాలి. అది మంజూరయ్యాకే కొత్త చోట పనిలో చేరాలి. అంతవరకు ఇంటి అద్దె ఎలా కట్టాలి? చెల్లెలు అరవైకి పైగా అప్లికేషన్లు పెట్టింది. సొంత కారు ఉందా అని కొందరు అడిగారు, మేం స్పాన్సర్ చేయడం ఆపేశాం అని కొందరన్నారు. చాలామంది జవాబే ఇవ్వలేదు. ఇలా ఉద్యోగం పోయినవాళ్లను ముందు చూసుకున్నాకే విదేశాల నుంచి కొత్తవాళ్లను తెచ్చుకోవాలని ఇంగ్లండ్‌లోని కేర్ కంపెనీలకు 2025 ఏప్రిల్ 9 నుంచి రూల్ వచ్చింది. అప్పటికే మావాళ్లు తిరుగు టికెట్లు కొనేశారు. పాపను బడి మధ్యలో మాన్పించి ముగ్గురూ వచ్చేశారు.

ఇది ఒక్క మా ఇంటి కథ కాదు. 2022 జూలై నుంచి 2024 డిసెంబరు వరకు ఒక్క కేర్ రంగంలోనే 470కి పైగా లైసెన్సులు రద్దయ్యాయని, ఆ కంపెనీలతో ముడిపడ్డ ఉద్యోగులు 39,000 మందికి పైనే అని బ్రిటన్ ప్రభుత్వమే ప్రకటించింది. అందులో మనవాళ్లు, మలయాళీలు, ఆఫ్రికా దేశాలవాళ్లు ఎంతోమంది ఉన్నారు.

మన ప్రభుత్వం ఈ విషయం గట్టిగా అడగాలి. 2021 మే 4న రెండు దేశాలూ వలసల మీద ఒప్పందం చేసుకున్నాయి. 2025 జూలై 24న వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. దాంతోపాటు మన కంపెనీలు అక్కడికి పంపే ఉద్యోగులకు కొంతకాలం అక్కడి సోషల్ సెక్యూరిటీ (మన పీఎఫ్ లాంటిది) చెల్లింపుల నుంచి మినహాయింపు సాధించుకున్నారు. చాలా మంచి పని. అలాగే, తన తప్పేమీ లేకుండా స్పాన్సర్‌ను పోగొట్టుకున్న మనిషికి అరవై రోజులు కాకుండా కనీసం ఆరు నెలలు ఇవ్వండి, ఆ ఆరు నెలలూ ఎక్కడైనా పని చేసుకుని బతకనివ్వండి అని కూడా అడగాలి కదా.

ఇక్కడ మన చేతుల్లో ఉన్న పని ఇంకా ముఖ్యం. బ్రిటన్ వెళ్లేవాళ్ల కాగితాలను మన ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (పనికి విదేశాలకు వెళ్లేవాళ్లకు క్లియరెన్స్ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ అధికారి) ఆఫీసు చూడాల్సిన పని లేదు. ఆ క్లియరెన్స్ గల్ఫ్ వంటి కొన్ని దేశాలకే. కాబట్టి మా కాగితం ఏ ప్రభుత్వ అధికారి కంటా పడకుండానే విమానం ఎక్కింది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం స్థానంలో కొత్త చట్టం తేవడానికి కేంద్రం 2025లో ముసాయిదా విడుదల చేసింది. అందులో ఒక్క మాట చేర్చమని నా విన్నపం. డబ్బు తీసుకున్న ఏజెంటు రసీదులో స్పాన్సర్ కంపెనీ పేరు, ఉద్యోగం, జీతం రాయాలి. వీసా గడువు లోపల ఆ కంపెనీ లైసెన్స్ పోతే తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వాలి. మేం వెళ్లి అడిగితే "లైసెన్స్ పోవడం మా చేతుల్లో లేదు మేడమ్" అన్నారు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం, విచారణ నడుస్తోంది.

చూసుకోవాల్సినవి మేమూ చూసుకోలేదు, ఒప్పుకుంటున్నాను. లైసెన్స్ ఉన్న స్పాన్సర్ల జాబితా బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎప్పటికప్పుడు మారుస్తూ పెడతారు. కంపెనీ ఎప్పుడు పుట్టిందో, లెక్కలు దాఖలు చేస్తోందో లేదో అక్కడ కంపెనీలను రిజిస్టర్ చేసే కంపెనీస్ హౌస్ సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. మా చెల్లెలి కంపెనీ పెట్టి అప్పటికి రెండేళ్లే అయిందని ఆమె తిరిగొచ్చాక చూశాం. విదేశీ ఉద్యోగాల కోసం మన కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టర్ అయిన ఏజెంట్ల జాబితా ఉంది, రిజిస్టర్ కానివాళ్ల జాబితా కూడా ఉంది. తమిళనాడు ప్రభుత్వానికి 1978 నుంచి ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషన్ ఉంది, ఆంధ్రలో, తెలంగాణలో కూడా అలాంటి సంస్థలున్నాయి. చెన్నైలో ఇన్ని లక్షల తెలుగువాళ్లం ఉన్నాం. ఒక కంపెనీ పేరు చెబితే ఇవన్నీ చూసి తెలుగులో చెప్పే మనిషి ఒక్కరు ఉంటే చాలు, ఎన్నో ఇళ్లు నిలబడతాయి.

2025 జూలై 22 నుంచి విదేశాల నుంచి కేర్ వర్కర్లను తీసుకోవడం బ్రిటన్ ఆపేసింది. నైపుణ్యం ఉన్న ఉద్యోగాలకు ఇచ్చే స్కిల్డ్ వర్కర్ వీసాకి మామూలుగా ఉండాల్సిన కనీస జీతాన్ని ఏడాదికి 41,700 పౌండ్లకు పెంచింది. మా వార్డులోని నర్సు పిల్లలకు ఇప్పుడు వేరే దేశాల పేరుతో ఏజెంట్ల ఫోన్లు వస్తున్నాయి, అదే తొందర, అవే గడువులు.

చివరిగా మిమ్మల్నీ ఒకటి అడుగుతున్నాను. మేం ఆ ఏజెన్సీని మొదట చూసింది పేపర్లోనే. మీ పత్రికలో విదేశీ ఉద్యోగాల ప్రకటన తీసుకునేటప్పుడు దయచేసి ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, అది ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో చూసి, ప్రకటనలోనే అచ్చు వేయండి.

ఒక పాఠకురాలు,
విల్లివాక్కం, చెన్నై