సంతకం ఆఫీసు చేతిలో, గడువు విద్యార్థి నెత్తిన

సంపాదకుల వారికి,

పరిశోధక విద్యార్థులు వేరేచోట ల్యాబులో కొన్నాళ్లు పనిచేసి రావడానికి ఇచ్చే ఫెలోషిప్పులకు ఇప్పుడు దరఖాస్తులు దాదాపు అన్నీ ఆన్‌లైనే. పోస్టులో పంపి, అందిందో లేదో తెలియక నెలల తరబడి ఎదురుచూసిన తరం మాది. పోర్టల్ వద్దని నేనెందుకు అంటాను? కానీ నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయికి జరిగింది చూశాక ఊరుకోలేక రాస్తున్నాను.

ఆమెది వేరుశనగ పండించే కుటుంబం. 2000లో మన అనంతపురం జిల్లాలో కాండం కుళ్ళు వైరస్ తెగులు 2 లక్షల హెక్టార్లకు పైగా పైరును దెబ్బతీసింది. పొలం గట్ల మీద పెరిగే వయ్యారిభామ పుప్పొడితో వచ్చిన వైరస్‌ను తామర పురుగులు చేనుకు అంటించాయని తర్వాత తేల్చారు. ఆ తెగులు మీదే ఈ అమ్మాయి పని. వైరస్ పరీక్షలకు కావలసిన పరికరాలు మా దగ్గర లేవు. అవి ఉన్నచోట 2 నెలలు పనిచేయాలని దరఖాస్తు పెట్టింది. అక్కడి శాస్త్రవేత్త రమ్మని మెయిల్ కూడా ఇచ్చారు.

ఫారం రెండు రోజుల్లో నింపేసింది. మిగిలిన రెండు కాగితాలే ఆమె చేతిలో లేనివి. రికమెండేషన్ లెటర్ కోసం పోర్టల్ నాకు పంపిన లింకు స్పామ్‌లో పడింది. ఆమె ఫోన్ చేసేదాకా నేను చూసుకోలేదు, ఆ తప్పు నాదే. ఇక ఆమె వెళ్లడానికి అభ్యంతరం లేదని మా యూనివర్సిటీ ఇవ్వాల్సిన ఎన్‌ఓసీ ఫైలు ఆఫీసులో 18 రోజులు తిరిగింది. సంతకం పెట్టాల్సినాయన సెలవులో ఉన్నారు, ఇన్‌ఛార్జి ఎవరంటే చెప్పే దిక్కు లేదు. సంతకం అయ్యేసరికి చివరి రోజు మధ్యాహ్నం. సప్తగిరి సర్కిల్ దగ్గర నెట్ సెంటర్‌లో స్కాన్ చేయిస్తే సైజు ఎక్కువైందని పోర్టల్ తీసుకోలేదు. తగ్గించి పెడితే సీలు మీది అక్షరాలు అలుక్కుపోయాయి. టైమ్ లేక అదే సబ్మిట్ చేసింది. నెల తర్వాత స్టేటస్‌లో ‘ఇన్‌కంప్లీట్’ అని ఒక్క మాట. ఏ కాగితం, ఏం లోపం అన్నది లేదు. మెయిల్ పెడితే జవాబు రాలేదు.

ఫ్రాన్స్‌కు 2 నుంచి 6 నెలలు పంపే రామన్-చార్పక్, అమెరికాకు 6 నుంచి 9 నెలలు పంపే ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్, మన సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్ లాంటివి రాయలసీమ పిల్లలకూ అందాలి. దరఖాస్తు పెట్టేది ఒకరు, లేఖలు ఇవ్వాల్సింది వేరొకరు. అందరికీ ఒకే గడువు పెడితే, వెనకాల పట్టించుకునే ఆఫీసు లేని పిల్లలే ముందు రాలిపోతారు.

దారి లేక కాదు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో విద్యార్థికి ఒక చివరి తేదీ, కాలేజీ వెరిఫికేషన్‌కు ఇంకో చివరి తేదీ ఉంటాయి. ప్రతి సంస్థకూ ఒక నోడల్ ఆఫీసర్, ఆయనకు సొంత లాగిన్ ఉంటాయి. యూజీసీ నెట్‌కు అప్లై చేసినవాళ్లకు తప్పులు దిద్దుకునే అవకాశం ఇస్తారు. ఫెలోషిప్ పోర్టళ్లు నడిపేవారు కూడా ఇదే చేయవచ్చు. లేఖలకు ఇంకో పది రోజులు ఇవ్వండి. కాగితం ఎవరి దగ్గర ఆగిందో విద్యార్థికి కనిపించేలా చూపించండి. సీలు కనబడకపోతే మళ్లీ పెట్టమని అడగండి, తిరగ్గొట్టకండి.

అంతకంటే ముందు మన విశ్వవిద్యాలయాల పెద్దలకు నా విన్నపం. ఎన్‌ఓసీ వారంలో ఇచ్చే బాధ్యత పేరు పెట్టి ఒక అధికారికి అప్పగించండి. ఆయన సెలవు పెడితే సంతకం ఎవరిదో నోటీసు బోర్డులో రాయండి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక ఆర్డరు చాలు. ఆ అమ్మాయి వచ్చే ఏడాది మళ్లీ దరఖాస్తు పెడుతోంది. నోటిఫికేషన్ వచ్చేలోగా ఆ ఆర్డరు ఇవ్వండి.

— ఒక రీసెర్చ్ గైడ్, అనంతపురం