కోసిన పువ్వుకు చల్లని చోటు కావాలి: ఉద్యాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఉద్యాన శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. చిత్తూరు జిల్లా వి.కోట మండలంలో అర ఎకరంలో లిల్లీ, 25 సెంట్లలో గులాబీ సాగు చేసే చిన్న రైతును. లిల్లీ అని మేము పిలుచుకునేది రజనీగంధను. దండలకు ఒంటిరెక్క రకం, కాడలుగా అమ్మడానికి ముద్దరెక్క రకం వేస్తాము. ఎండలు మొదలయ్యే ఈ రోజుల్లో మా తోటలో జరిగే పనిని, ఆ పనంతా ఎక్కడ వృథా అవుతున్నదో మీ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

చైత్రం వస్తే మా పని వేళలు మారిపోతాయి. మూడేళ్లు దాటిన మడిలో దుంపలు తవ్వి, నీడలో ఆరబెట్టి, పిల్లదుంపలను వేరు చేసి కొత్త మడిలో నాటుకోవాలి. కాపులో ఉన్న మడికి వేరుశనగ పొట్టు పరిచి తేమ ఆరిపోకుండా చూసుకోవాలి. తామర పురుగు మొగ్గలో చేరిందేమో రోజూ విప్పి చూడాలి. ఇవన్నీ పగటి పనులు. అసలైన పని తెల్లవారుజామున 4 గంటలకు, తలకు లైట్లు కట్టుకుని మొదలవుతుంది. కాడకు అడుగున ఉన్న రెండు పువ్వులు విచ్చుకుని, పైమొగ్గలు ఇంకా బిగుతుగా ఉన్నప్పుడే కోయాలి. అంతకు ముందే కోస్తే పైమొగ్గలు విచ్చుకోకుండానే వాడిపోతాయి, ఒక రోజు ఆలస్యమైతే అడుగు పువ్వులు దారిలోనే నలిగిపోతాయి. పదునైన కత్తితో ఏటవాలుగా కోసిన కాడను వెంటనే నీళ్ల బకెట్లో నిలబెట్టాలి. కాసేపు గట్టు మీద వదిలేసినా కోసిన చోట గాలి చేరి, తరువాత ఎన్ని నీళ్లు పెట్టినా కాడ పైకి పీల్చుకోలేదు. మాతో పని చేసే ఆడవాళ్లు ఈ సంగతి ఏ పుస్తకమూ చదవకుండానే నేర్చుకున్నారు. ఒక చేత్తో కోస్తూ రెండో చేత్తో బకెట్టును జరుపుకుంటూ వాళ్లు వరుస వెంట సాగిపోతుంటే చూడాలి.

ఎండ ఎక్కే లోపు కోత ముగుస్తుంది. మా కష్టాలు అక్కడి నుంచి మొదలవుతాయి.

కోసిన పువ్వు కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆ శ్వాస వేగం రెండు మూడు రెట్లవుతుంది, అంటే దాచుకున్న బలం అంత త్వరగా కరిగిపోతుంది. గులాబీకి 2 నుంచి 4 డిగ్రీల చల్లదనం కావాలని ఉద్యాన శాఖ వారే శిక్షణ తరగతులలో చెబుతారు. ఆ మాట నోటుబుక్కులో రాసుకుని ఇంటికి వచ్చే రైతుకు ఆ చల్లదనం దొరికే చోటు మాత్రం చుట్టుపక్కల లేదు.

మా వంతుగా చేయగలిగినది చేశాము. ఢిల్లీలోని పూసా పరిశోధన సంస్థ రూపొందించిన కరెంటు అవసరం లేని చల్లటి తొట్టిని తోటలోనే కట్టుకున్నాను. రెండు ఇటుక గోడలు, వాటి మధ్య 3 అంగుళాల సందులో ఇసుక, ఉదయం సాయంత్రం ఆ ఇసుకకు నీళ్లు, పైన రెల్లు గడ్డి మూత. మాది పొడి గాలి గనుక లోపల బయటి కంటే చాలా చల్లగా ఉంటుంది. బండి వచ్చేదాకా పూలు తేటగా నిలుస్తాయి. కానీ బండి ఎక్కిన తరువాత ఆ తొట్టి చేయగలిగింది ఏమీ లేదు.

పోయిన ఏడాది వైశాఖంలో, ముహూర్తాలు దండిగా ఉన్న వారంలో, 40 కట్టల లిల్లీ, 6 పెట్టెల గులాబీ బెంగళూరుకు పంపాను. విడిగా చోటు లేక మా పెట్టెలను మాగుతున్న మామిడికాయల గంపల పక్కన పెట్టారు. మాగే కాయ నుంచి వెలువడే ఇథిలీన్ వాయువుకు గులాబీ త్వరగా రాలిపోతుంది. దానికి తోడు సరిహద్దు దాటాక టైరు పంక్చరై బండి 3 గంటలు ఎండలో నిలిచిపోయింది. మండీలో పెట్టె తెరిస్తే రెక్కలు అడుగున చేరి ఉన్నాయి, లిల్లీ కాడలు తలలు వాల్చేశాయి. కోత కూలి కూడా చేతికి రాలేదు. బండివాళ్లను నేను తప్పు పట్టను, వాళ్లకు ఉన్నది ఆ ఒక్క బండే. కోసిన పూలను ముందుగా చల్లబరిచి, సాయంత్రం ఎండ తగ్గాక పంపే వీలుంటే ఆ నష్టం జరిగేది కాదు.

కోల్డ్ రూముకు పథకం లేదని నేను అనడం లేదు. 2014-15 నుంచి అమలవుతున్న సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్‌లో వాటికి 35 శాతం రాయితీ ఉంది. అయితే ఆ రాయితీ బ్యాంకు రుణంతో ముడిపడి ఉంది. ముందు అప్పు చేసి కట్టాలి, తరువాత రాయితీ రుణ ఖాతాలో జమవుతుంది. ముక్కాలు ఎకరం రైతుకు లక్షల రుణం ఏ బ్యాంకు ఇస్తుంది? పెద్ద పాలీహౌసుల వారికి అందేది మాకు అందకపోవడానికి కారణం ఈ ఒక్క నిబంధనే.

అందుచేత నా విన్నపం ఇది. వి.కోటలో గానీ పలమనేరులో గానీ మార్కెట్ ఆవరణలో, టమాటా క్రేట్లతో, మామిడితో కలవకుండా పూలకు మాత్రమే ఒక చిన్న కోల్డ్ రూమును ప్రభుత్వమే కట్టించి, నిర్వహణను పూల రైతుల సంఘానికి అప్పగించండి. పెట్టెకు ఇంత అని అద్దె చెల్లించడానికి మేము సిద్ధంగా ఉన్నాము. అంత వరకు, ఇటుక తొట్టి కట్టుకునే రైతుకు ఇటుకల ఖర్చయినా ఇప్పించండి. అది పెద్ద మొత్తం కాదు, ఒక్క వేసవిలోనే దాని ఫలితం కనిపిస్తుంది.

తిరుమలను పుష్పమండపం అని పిలుచుకునే సీమ మనది. కొండ మీద ఆడవాళ్లు సైతం తలలో పూలు పెట్టుకోరు, పువ్వన్నది స్వామిదేనని. పువ్వుకు అంత విలువ ఇచ్చే చోట దాన్ని పండించేవారి గోడు మీకు వేరుగా వివరించనక్కరలేదని నమ్ముతున్నాను.

కొత్త మడిలో నాటిన దుంపలు సుమారు మూడు నెలలకు కాడ వేస్తాయి. ఈ లోపు మీ శాఖ అధికారులు ఒక తెల్లవారుజామున మా తోటకు వచ్చి, కోత నుంచి బండి ఎక్కే వరకు పూల వెంట ఉండి చూసేలా ఆదేశించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
వి.కోట మండలానికి చెందిన ఒక పూల రైతు,
చిత్తూరు జిల్లా