ఎలుకల గుండెల మీద పనిచేసే ఆ అమ్మాయికి, మా నాన్న తరఫున

నాన్న ఇంటికి వచ్చేశారు. గుండె లయ సరిగ్గా ఉంది. ఫోన్లు, మెసేజ్‌లు చేసినవాళ్లకి విడివిడిగా జవాబివ్వలేకపోయాను, ఏమీ అనుకోకండి. సరిగ్గా నిద్రపోయి చాలా రోజులైంది, రాసేది గజిబిజిగా ఉంటే సర్దుకుని చదవండి. ఇది మాత్రం ఈ రాత్రే రాయాలి. పడుకుని లేచాక రాస్తే నాలుగు మర్యాద మాటలతో ముగించేస్తానని భయం.

నాన్నకు ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె లయ తప్పే జబ్బుల్లో ఎక్కువమందిలో కనిపించేది ఇదే. గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోవడం మానేసి వణుకుతుంటాయి. వాటిలో నిమిషానికి 350 నుంచి 600 దాకా కరెంటు అలలు అడ్డదిడ్డంగా తిరుగుతుంటాయట. నాన్న మణికట్టు పట్టుకుంటే ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ పొంతన ఉండేది కాదు. రెండు గబగబా, తర్వాత ఒక ఖాళీ, ఆపైన ఒకటి గట్టిగా. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా నా ఊపిరి ఆగేది. మందులతో లయ కుదరలేదు. కరెంటు షాక్ ఇచ్చి సరిచేద్దామని తేదీ ఇచ్చారు.

ఆ టెన్షన్‌లో ఉండగా ఒక వార్త కంటపడింది. గర్భిణుల శరీరంలో తయారయ్యే రిలాక్సిన్ అనే హార్మోన్‌తో ఈ జబ్బు తగ్గుతుందని. చదవగానే ప్రాణం లేచొచ్చింది. షాక్ లేకుండా ఆ హార్మోనే ఇప్పించవచ్చు కదా! ఎవరిని అడగాలో తెలియలేదు. మా ఆఫీసులో ఒకావిడ, తన బంధువుల అమ్మాయికి తెలిసినామె ఈ హార్మోన్ మీదే పరిశోధన చేస్తోందని చెప్పి నంబర్ ఇచ్చారు. ముక్కూమొహం తెలియని మనిషి. రాత్రి పొద్దుపోయాక మొహమాటపడుతూ మెసేజ్ పెట్టాను. ఐదు నిమిషాల్లో తనే ఫోన్ చేసింది.

నేను 'మేడమ్' అని మొదలుపెట్టాను. "మేడమ్ అనకండి అక్కా, నా థీసిస్సే ఇంకా పూర్తి కాలేదు" అంది. వెనక ఏదో మిషను గుయ్యిమంటోంది. ల్యాబ్‌లో ఉన్నావా, తర్వాత చేయనా అంటే, ఒక ఎలుక గుండె రీడింగ్ నడుస్తోంది, పక్కనున్న అమ్మాయికి అప్పజెప్పి వచ్చాను, మీరు చెప్పండి అంది. నేను చెప్పడం మొదలుపెడితే నాన్న నాలుగేళ్ల కథంతా వచ్చేసింది. ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

తర్వాత తను చెప్పినవి నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను. నాలాగే ఆ వార్త చదివి ఆశపడ్డవాళ్లు ఇంకా ఉంటారు.

రిలాక్సిన్‌ను 1926లో ఫ్రెడరిక్ హిసా అనే శాస్త్రవేత్త గినీ పందుల్లో గుర్తించారు. కాన్పు ముందు కటి ఎముకల మధ్య బిగువు సడలడానికి అది పనికొస్తుందని అప్పుడు తేలింది. అది కొలాజెన్ అనే గట్టి పోగుల మీద పనిచేస్తుందని తర్వాత్తర్వాత అర్థమైంది. వయసుతో, బీపీతో గుండె పై గదుల గోడల్లో పేరుకునేదీ ఆ కొలాజెనే. కాలువలో పూడిక పడితే నీరు పక్కదారులు పట్టినట్టు, ఆ మచ్చల దగ్గర కరెంటు చీలిపోయి సుడులు తిరుగుతుంది. ఆ పూడిక తీయగలిగితే లయ నిలబడుతుందేమోనన్నది వీళ్ల ఆలోచన. అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో గై సలామా బృందం బీపీ ఉన్న ఎలుకలకు చర్మం కింద చిన్న పంపు పెట్టి రెండు వారాలు ఈ హార్మోన్ ఇచ్చింది. మచ్చలు తగ్గాయి, కరెంటు వేగం పెరిగింది, కావాలని లయ తప్పించబోయినా తప్పడం తగ్గింది. ఆ ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. తర్వాత ముసలి ఎలుకల మీద కూడా చేసి చూశారు.

"ఎలుకల్లో అక్కా" అని ప్రతి రెండు మాటలకీ గుర్తుచేసేది.

మనుషుల మీద ఇంకో రకం గుండె జబ్బుకి, అంటే ఉన్నట్టుండి గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరే స్థితికి, పరీక్షించారట. సెరెలాక్సిన్ పేరుతో 48 గంటలు నరంలోకి ఎక్కించారు. మొదట 1,161 మందిలో చేసిన పరీక్షలో ఆయాసం కొంత తగ్గింది, మరణాలు కూడా తగ్గినట్టు కనిపించింది. అందరూ సంబరపడ్డారు. తర్వాత 6,500 మందికి పైగా రోగులతో ఇంకా పెద్ద పరీక్ష చేస్తే, ఆరు నెలల్లో గుండె జబ్బుతో చనిపోయినవాళ్ల సంఖ్యలో తేడా రాలేదు. ఆ ఫలితం 2019లో వచ్చింది. ఇది చెప్పేటప్పుడు తన గొంతు కాస్త తగ్గింది. తన ఏళ్ల కష్టమూ అదే హార్మోన్ మీద కదా. నన్ను ఊరించి ఉంటే తనకు పోయేదేమీ లేదు. అయినా ఒక్క ముక్క పెంచి చెప్పలేదు.

"ఈ మందు నాన్నగారికి అందాలని నాకూ ఉంది అక్కా. ఇప్పుడు మాత్రం లేదు. ఉందని ఎవరైనా అమ్మితే కొనకండి. ఇది ప్రోటీన్, మాత్రగా మింగితే కడుపులోనే అరిగిపోతుంది" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. లేదన్నందుకు కాదు. లేదని ఇంత ఓపికగా, నా ఆశని చిన్నబుచ్చకుండా చెప్పిన మనిషి ఇన్నేళ్లలో ఎవరూ తగల్లేదు.

నేను ఏడుస్తుంటే తను ఫోన్ పెట్టేయలేదు. కాసేపాగి, "నేను డాక్టర్ని కాదు, రెండు విషయాలు మాత్రం అడుగుతాను" అంది. హార్మోన్ల మాటే అయితే, థైరాయిడ్ ఎక్కువైనా గుండె ఇలా లయ తప్పుతుంది, ఆ పరీక్ష చేశారా అని మొదటిది. చేశారు, బాగానే ఉంది. రెండోది: "రక్తం పలచబడే మాత్ర రోజూ వేసుకుంటున్నారు కదా?"

వేసుకోవడం లేదు. పన్ను తీసేటప్పుడు ఆపమన్నారు. 'చెప్పేవరకు ఆపండి' అని చీటీ మీద రాసిచ్చారు. ఎవరూ చెప్పలేదు.

తను ఒక్క క్షణం ఏమీ మాట్లాడలేదు. తర్వాత, పొద్దున ఆస్పత్రి తెరవగానే కార్డియాలజిస్టుకి ఈ ఒక్క మాట చెప్పండి, షాక్‌కి ముందే చెప్పండి అని రెండుసార్లు నా చేత అనిపించింది. ఫోన్ పెట్టేశాక ఒక ఫొటో పంపింది. నోట్‌బుక్ కాగితం మీద నీలం పెన్నుతో గుండె బొమ్మ, ఎడమ పై గదికి చెవిలాంటి చిన్న సంచి. పక్కన తెలుగులో రాసింది: 'ఇక్కడ రక్తం నిలిచి గడ్డకడుతుంది. గడ్డ ఉండగా లయ సరిచేస్తే అది కదిలి మెదడుకి వెళ్లొచ్చు.' కింద మళ్లీ, 'భయపెట్టడానికి కాదు అక్కా.'

పొద్దున కార్డియాలజిస్టు విన్న వెంటనే ఆహారనాళం గుండా ట్యూబు పంపి గుండెని లోపల్నుంచి చూసే ఎకో స్కాన్ చేయించారు. సరిగ్గా ఆ సంచిలోనే గడ్డ ఉంది.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. మేము వెళ్లినది ఒకే ఆస్పత్రి. పన్ను తీసినదీ అక్కడే, షాక్ తేదీ ఇచ్చినదీ అక్కడే. ఒక విభాగం ఆపిన మాత్ర ఇంకో విభాగానికి తెలియదు. షాక్‌కి ముందు నింపే ఫారంలో 'రక్తం పలచబడే మందు వాడుతున్నారా' అనే గడి ఉంది. పాత చీటీ చూసి 'అవును' అని టిక్ పెట్టేశారు, నాన్నని అడగలేదు. ఒక్క పన్నుకైతే చాలాసార్లు ఆ మాత్ర ఆపాల్సిన పనే ఉండదని కార్డియాలజిస్టు తర్వాత అన్నారు. ఈ జబ్బున్నవాళ్లకి పక్షవాతం ముప్పు మామూలు వాళ్లకంటే దాదాపు ఐదు రెట్లు అట. అంత ముప్పుని ఆపే మాత్రకి 'ఆపండి' అని రాసినవాళ్లు, 'ఫలానా రోజు మళ్లీ మొదలుపెట్టండి' అని ఇంకో లైను రాయలేరా? ఎంత తలచుకున్నా నాకు మింగుడుపడటం లేదు.

షాక్ వాయిదా వేశారు, మాత్ర మొదలుపెట్టారు. ఆ వారాలన్నీ ఆ అమ్మాయి నుంచి పొద్దున్నే ఒక మెసేజ్: 'మాత్ర అయిందా?' అంతే. నేను 'అయింది' అంటే ఒక బొటనవేలు బొమ్మ. మళ్లీ ఎకో చేస్తే గడ్డ కరిగిపోయింది. షాక్ ఇచ్చారు. ఈసీజీ కాగితం మీద ప్రతి పెద్ద గీతకి ముందు ఒక చిన్న బుడిపె వచ్చింది. పై గదులు మళ్లీ సరిగ్గా పనిచేస్తే కనిపించే గుర్తు అదేనట. ఫొటో తీసి ముందుగా తనకే పంపాను. ఇంట్లోవాళ్లకి కూడా తర్వాతే.

లయ మళ్లీ తప్పవచ్చని డాక్టర్ ముందే చెప్పారు. మాత్ర ఆపకూడదు. అవన్నీ చూసుకుంటాం.

పేరు రాస్తానంటే ఒప్పుకోలేదు. చదువుతావు కదా తల్లీ, అందుకే ఇలా రాస్తున్నాను. మీ ల్యాబ్‌లో ఆ పంపులు, ఆ రీడింగులు, రాత్రిళ్లు మేలుకోవడం ఇవన్నీ ఎవరికోసమో నాకు ఇప్పుడు తెలుసు. ఆ హార్మోన్ మనుషుల గుండె లయ మీద నిలబడినా, నిలబడకపోయినా, నిజం తేల్చేది నీలాంటివాళ్లే. మా నాన్న ఇవాళ తన కాళ్ల మీద నడిచి ఇంట్లోకి వచ్చారు. ఆయన చెప్పమన్న మాట: "ఆ పాపని చల్లగా ఉండమను."

అమ్మ, తమ్ముడు, మా ఆయన అందరూ వంతులేసుకుని ఆస్పత్రిలో ఉన్నారు. వాళ్లకి నేను విడిగా చెప్పాల్సిన పనిలేదు. నంబర్ ఇచ్చిన ఆఫీసు ఆవిడకి దండాలు. విన్న వెంటనే ప్లాను మార్చిన కార్డియాలజిస్టు గారికి కూడా.

అయ్యో, రాత్రి డ్యూటీ నర్సుని మర్చిపోయాను. ఎకో ట్యూబుకి నాన్న భయపడుతుంటే చెయ్యి పట్టుకుని కూర్చున్నది ఆవిడే. వీల్‌చెయిర్ తోసిన వార్డు బాయ్‌కి, మాత్ర స్టాకు లేదంటే ఇంకో షాపుకి ఫోన్ చేసి తెప్పించిన మెడికల్ షాపు అబ్బాయికి కూడా థాంక్స్.

పొద్దున లేచి కలుపుతున్నాను: ఆ రాత్రి రీడింగ్ చూసుకున్న ల్యాబ్ అమ్మాయి ఉంది కదా, తన సంగతే రాయలేదు. తను ఆ పని అందుకోకపోతే ఆ ఫోన్ అంతసేపు నడిచేది కాదు. తనకి కూడా నా కృతజ్ఞతలు చెప్పు చెల్లీ.