ఓకా, మాగ్నోలియానా? అమ్మాయికి ఉత్తరం

తెనాలి,
కార్తీక మాసం

చి. ల. సౌ. సుధకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేం క్షేమం. మీ అమ్మ మోకాలు కూడా క్షేమమే, ఆవిణ్ణి అడిగితే మాత్రం కాదంటుంది.

ఇరవై రెండు రోజుల తర్వాత నీ దగ్గర్నుంచి వచ్చింది ఒక్క లైను. "నాన్నా, ఓక్ పెట్టమంటావా, మాగ్నోలియా పెట్టమంటావా?" అంతే. రోజులు లెక్కపెట్టింది నేను కాదు, మీ అమ్మ. ఫోన్లో టైపు చెయ్యడం నా వల్ల కాదు కనక కాగితం మీద రాసి ఫోటోలు తీసి పంపుతున్నాను. నాలుగు ఫోటోలు వస్తాయి, వరసలో చదువు.

ముందు మాగ్నోలియా. అమెరికాలో మీ కమ్మింగ్ ఊళ్ళో ఉన్న ఆరు నెలలూ నాకున్న ఉద్యోగం పొద్దున ఒక రౌండు, సాయంత్రం ఒక రౌండు నడిచి చెట్లు చూడడమే కదా. మలుపులో ఇంటి ముందు పెద్ద మాగ్నోలియా ఉంది చూడు, జూన్‌లో పూసింది. పళ్ళెమంత తెల్లపువ్వు, నిమ్మతొక్క నలిపినట్టు వాసన. ఆ ఇంటావిడ ఒకటి కోసిస్తే మీ అమ్మ తెచ్చి దేవుడి దగ్గర పెట్టింది. సాయంత్రానికి చూస్తే రెక్కల మీద ఆవిడ వేళ్ళు తగిలిన చోటల్లా గోధుమరంగు మచ్చలు, వేలిముద్రలు వేసినట్టు! పువ్వు అంత సుకుమారం, ఆకు అంత మొండి. పైన కొబ్బరినూనె రాసినట్టు నిగనిగ, వెనక తుప్పురంగు నూగు. రాలితే ఒక పట్టాన మట్టిలో కలవదు, అట్టముక్కలా పడుంటుంది. విస్తరి కుడతానని మీ అమ్మ ఓ పది ఆకులు ఏరుకొచ్చి టూత్‌పిక్కులు గుచ్చడం, బుజ్జిగాడు అందులో సీరియల్ పోసుకుని ఒళ్ళంతా పాలు చేసుకోవడం గుర్తుందా?

ఎప్పుడూ పచ్చగా ఉంటుందని నర్సరీవాళ్ళు చెబుతారు. ఎప్పుడూ ఆకు రాలుస్తూనే ఉంటుందని చెప్పరు. దాని కింద గడ్డి కూడా సరిగ్గా మొలవదు. ఒక మాట మాత్రం దానికి అనుకూలంగా చెప్పాలి. మన సంపెంగ, అది ఒకే కుదురు. సంపెంగని ఇదివరకు మైకేలియా అనేవారు, ఇప్పుడు మాగ్నోలియా చంపకా అంటున్నారు. సంపెంగ మీ చలికి తట్టుకోదు, ఇది తట్టుకుంటుంది. ఈ సంగతి చెప్పగానే మీ అమ్మ "అయితే అదే పెట్టమనండి" అని తీర్పు ఇచ్చేసి లోపలికి వెళ్ళిపోయింది.

మొన్న ఆదివారం వనభోజనాలకి వెళ్ళాం. ఉసిరిచెట్టు కింద ఆకుల ముందు కూర్చున్నాం. పద్మత్తయ్య పులిహోర వడ్డిస్తూ "సుధ వాళ్ళు ఇల్లు అమ్మేస్తున్నారటగా" అంది. ఎవరన్నారు అంటే "అనుకుంటున్నారు" అంది. పద్మత్తయ్య సంగతి నీకు తెలియనిదేముంది, రాజమండ్రి బాబాయికి మాటల్లోనే రెండో పెళ్ళి చేసిన మనిషి. నేను పట్టించుకోలేదు. నీ మెసేజ్ చూసి ఇంకా నిమ్మళించాను, ఇల్లు అమ్ముకునేవాళ్ళు చెట్లెందుకు పెడతారు అని. తీరా మా వాకింగ్ బ్యాచ్‌లో ఒకాయన, అమెరికాలో ఇల్లు బేరం పెట్టే ముందే వాకిట్లో మొక్కలు పెడతారండీ, ధర బాగా పలుకుతుంది అన్నాడు. ఆయన కొడుకు డాలస్‌లో ఉంటాడులే.

సరే, ఓక్ గురించి. నిఘంటువులో సింధూర వృక్షం అని ఉంది. పక్కింటి టీచరమ్మ, అబ్రాహాము గుడారం వేసుకున్నది ఆ చెట్ల దగ్గరేనండీ, మా తెలుగు బైబిల్లోనూ అదే పేరు అంది. ఓక్ అంటే ఒకటి కాదు, నాలుగు వందలకి పైగా రకాలు. మీ వైపు రెండు వంశాలనుకో. ఆకు అంచులు గుండ్రంగా ఉంటే వైట్ ఓక్ వంశం, మొనదేలి కొసన ముల్లులా ఉంటే రెడ్ ఓక్ వంశం. తొందరగా పెరుగుతుందని ఎవరైనా వాటర్ ఓక్ అంటగట్టబోతే వద్దను. నలభై యాభై ఏళ్ళకే లోపల డొల్లయి గాలికి పడుతుంది. సవానా ఊళ్ళో బూజు వేలాడుతున్నట్టున్న ఆ లైవ్ ఓక్‌లు మీ జార్జియా రాష్ట్ర వృక్షమే అయినా, అవి ఎత్తు కన్నా అడ్డం పెరిగే రకం, మీ పెరడు దానికి ఒక కొమ్మకే సరిపోదు. పెడితే వైట్ ఓక్ పెట్టాలి. నిదానం. ఇరవై ఏళ్ళు దాటితే గానీ కాయ పట్టదు. బుజ్జిగాడి పెళ్ళినాటికి కాస్తుంది. కాసిన ఏడు వాకిలంతా గోళీలే. పోయిన అక్టోబరులో వాటి మీదే నేను జారిపడ్డాను, మీకు చెప్పలేదు. ఏమీ కాలేదు.

ఏ చెట్టయినా ఎక్కడ పెడుతున్నావన్నది ముఖ్యం. బాదంచెట్టు సంగతి నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు, మొత్తం చెబుతాను. 1983లో ఈ ఇల్లు కట్టాక ప్రహరీకి మూడడుగుల్లో బాదం మొక్క పెట్టాను. మీ తాతయ్య చేతికర్ర నేలకి పొడిచి "ఇంకో పదడుగులు ఇవతలికి రా" అన్నారు. అలా పెడితే స్కూటరుకి అడ్డం. బెత్తెడు మొక్కకి పదడుగులేమిటని నవ్వాను కూడా. ఏడేళ్ళకి గొడుగు మీద గొడుగు వేసినట్టు డాబా దాటిపోయింది. ఆకులన్నీ పక్కింటి మాస్టారి దొడ్లోకి, కాయలన్నీ నీ నోట్లోకి. గోడ పునాది అడ్డుండడంతో అటువైపు వేళ్ళు సాగలేదని మాకెవరికి తెలుసు? 1990 మే తుపాను. రాత్రంతా గాలి. నాలుగేళ్ళ నిన్ను మంచం కింద పడుకోబెట్టి మీ అమ్మ తలుపుకి వీపు ఆన్చి కూర్చుంది. తెల్లవారుజామున చప్పుడు. చెట్టు గోడని కూడా వెంటబెట్టుకెళ్ళి మాస్టారి వంటింటి పెంకుల మీద పడింది. ఆ వేళప్పుడు లోపల ఎవరూ లేరు, అది మన అదృష్టం. కానీ పది రోజుల కిందట పెట్టిన కొత్తావకాయ జాడీలు రెండూ పగిలాయి. పెంకులకి డబ్బిచ్చాను. ఆవకాయకి ఏమివ్వను? మీ అమ్మ మన జాడీ తీసుకెళితే మాస్టారి భార్య గుమ్మంలోంచే వెనక్కి పంపేసింది. ఆరేళ్ళు మాటల్లేవు. రోజూ పొద్దున పేపరు తీసుకోవడానికి నేనూ మాస్టారూ గేటు దగ్గరికి ఒకేసారి వచ్చేవాళ్ళం, ఇద్దరం పేపర్లోకే చూసేవాళ్ళం. మాట లేకపోతే ఇల్లు ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. అందుకే ఇరవై రెండు రోజులంటే... పోనీలే, నీకు పనులుంటాయి.

మీ పెరడు నేను అడుగులేసి కొలిచే వచ్చాను. వంటింటి గోడ నుంచి కంచె దాకా నలభై అయిదు. ఓక్ అయితే ఇంటికి ముప్ఫై అడుగులు వదిలి వెనక కుడి మూల పెట్టు. ముందువైపు పెద్ద మాగ్నోలియాకి అంత చోటు ఇవ్వలేవు, అది కూడా అరవై డెబ్భై అడుగులు లేస్తుంది. లిటిల్ జెమ్ అని పొట్టి రకం ఉంది, ఇరవై అడుగుల దగ్గర ఆగుతుంది, చిన్నప్పుడే పూలు మొదలుపెడుతుంది. ముందువైపు కిటికీకి పదడుగులు ఎడంగా సరిపోతుంది. ఇది నవంబరు, మీకు నాటే రోజులే. తవ్వేముందు 811కి ఫోన్ చెయ్యండి, భూమిలో గ్యాసు గొట్టాలు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టి వెళతారు. అసోసియేషన్ వాళ్ళని అడగకుండా పార పట్టొద్దు. గొయ్యి వెడల్పు వేళ్ళ చుట్టూ ఉన్న మట్టిగడ్డకి రెండు మూడింతలు, లోతు గడ్డంతే. కుండీలో చుట్టలు తిరిగిన వేళ్ళు విప్పాలి, విప్పలేనివి కత్తిరించాలి. మానుకి ఆనేలా చెక్కపొట్టు గుట్ట పొయ్యకండి, మీ వీధిలో సగం చెట్లకి అదే జబ్బు. మీ ఎర్రమట్టి తడిస్తే ముద్ద, ఎండితే ఇటుక. మొదటి రెండు వేసవులూ నీళ్ళు పోసే మనిషి ఇంట్లో ఉండాలి.

ఉంటారా మీరు?

ఉండేటట్టయితే ఓక్ పెట్టు. ఏదైనా ఆలోచనలో ఉంటే లిటిల్ జెమ్ పెట్టు, ఎవరికైనా బాగుంటుంది. ఏది పెట్టినా నేనేమీ అనను. ఉద్యోగం పోతే అక్కడ ఉండడానికి అరవై రోజులే గడువు అంటున్నారు ఇక్కడ అందరూ, అది నిజమేనా అని ఊరికే అడుగుతున్నాను, అల్లుడుగారి గురించి కాదు. నా ఫిక్స్‌డ్ డిపాజిట్ డిసెంబరు 14న మెచ్యూర్ అవుతోంది. మళ్ళీ వెయ్యాలా వద్దా అని బ్యాంకువాళ్ళు అడుగుతున్నారు, నువ్వేమంటావు?

మొక్క పెట్టాక అల్లుడుగారిని పక్కన నిలబెట్టి ఫోటో తీసి పంపు, మొక్క ఎత్తు తెలుస్తుంది. దసరా నుంచి వీడియోలో ఆయన కనపడనే లేదు. బుజ్జిగాడికి స్వెట్టరు వేసి బయటికి పంపించు.

నాన్న

అమ్మ రాయమంటోంది: కందిపొడి, కొత్తావకాయ వచ్చే నెల పద్మత్తయ్య కోడలి చేత పంపుతున్నాం. ఏ అడ్రసు ఇవ్వాలో చెప్పు.