అమ్మేటప్పుడే చెప్పాలి

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఏప్రిల్‌లో మా అమ్మాయి పుట్టినరోజుకని కొళత్తూరులో ఒక రంగుచేపల దుకాణంలో రెండు ఆక్సోలోటల్ పిల్లల్ని కొన్నాం. చేపలా నీళ్లలోనే బతికినా ఇది చేప కాదు, నాలుగు కాళ్లున్న, కప్పల్లాంటి ఉభయచర జీవి. "జంటగా ఉంటేనే హుషారుగా ఉంటాయి, చేపల్లాగే చూసుకోండి" అన్నారు. పది రోజులకే ఒక పొద్దున మా అమ్మాయి ఏడుస్తూ వచ్చింది, "అమ్మా, చిన్నదానికి ముందు కాలు లేదే!" అని. పెద్దది పాదం కొరికేసింది. మర్నాటికి తెగిన చోట దూదిపింజలాంటి బూజు పట్టింది.

దుకాణానికి పరిగెత్తితే చేపల మందు సీసా చేతిలో పెట్టారు. అదృష్టం, వెయ్యలేదు. దీని చర్మం నీళ్లలో కలిసినవాటిని చాలావరకు పీల్చేస్తుంది, చేపలకు పడే మందులు కొన్ని దీనికి పడవు. మూడు క్లినిక్కుల్లో కుక్కల్ని, పిల్లుల్ని మాత్రమే చూస్తామన్నారు. చివరికి ఒక డాక్టరుగారు ఫోన్లో దారి చూపించారు. వేరే టబ్బులో పెట్టండి, క్లోరిన్ పోగొట్టిన చల్లటి నీళ్లు రోజూ పూర్తిగా మార్చండి, వెలుతురు తగలనివ్వకండి, కుళ్లు పైకి పాకితే వెంటనే తీసుకురండి అన్నారు.

చల్లటి నీళ్లు అనడం తేలికే. దీనికి 16 నుంచి 18 డిగ్రీలు కావాలి, 24 దాటితే నీరసించిపోతుంది. మేలో మన మేడమీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెడితే చురుక్కుమంటాయి. ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన సీసాలను ఒకదాని తర్వాత ఒకటి టబ్బులో తేలేశాం. కరెంటు పోయిన రాత్రయితే మా ఆయన, నేను వంతులేసుకుని కూర్చున్నాం. మూడు వారాలకు మోడు మీద బియ్యపు గింజంత తెల్లటి మొగ్గ కనబడింది. తర్వాత నెమ్మదిగా వేళ్లు విడివడ్డాయి. పోయిన కాలు మళ్లీ మొలిపించుకునే జీవి ఇది. అయినా నీళ్లు వేడెక్కితే, మురికైతే ఆ శక్తీ దాన్ని కాపాడలేదు.

మెక్సికో నగరం పక్కనున్న సోచిమిల్కో కాలువలు దీని సొంత ఊరు. అక్కడ ఇప్పుడు దాదాపు అంతరించే స్థితిలో ఉంది. అలాంటి ప్రాణిని మన ఎండల్లో, బిల్లు కూడా ఇవ్వకుండా అమ్ముతున్నారు. పెంపుడు జంతువుల దుకాణాలు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు చేసుకోవాలని 2018 నిబంధనలు చెబుతున్నాయి. ఇలాంటి విదేశీ జీవుల్ని పెంచుకునేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ అనే వెబ్‌సైట్‌లో నమోదు చేయించాలని 2024లో ఇంకో నిబంధన వచ్చింది. దీని గురించి దుకాణంలో ఒక్క మాట చెప్పలేదు. బిల్లే లేనప్పుడు ఎక్కడ కొన్నామని రాయాలి?

అటవీ శాఖవారు, జంతు సంక్షేమ బోర్డువారు దుకాణాలను తనిఖీ చెయ్యాలి. ఎంత చల్లదనం కావాలో, ఎందుకు విడివిడిగా ఉంచాలో, గాయమైతే మొదట ఏం చెయ్యాలో తమిళంలో, తెలుగులో రాసిన కాగితం ప్రతి అమ్మకంతోనూ ఇప్పించాలి. వేపేరి పశువైద్య కళాశాలలో వారానికి ఒక సాయంత్రమైనా ఇలాంటి జీవులకు ప్రత్యేక ఓపీ పెట్టి, ఆ సంగతి పేపర్లలో వేయించాలని కోరుతున్నాను. వచ్చే ఎండాకాలం లోపే ఇవి జరగాలి.

– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై